ఇంటికి బీమా, అప్పుకు కాదు

(జంషెడ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



కరువుభత్యము గురించి, పెన్షను గురించి, ఖాళీల భర్తీ గురించి మేము మాట్లాడగా మీరు అనేక పర్యాయములు వినియున్నారు. నేడు ఇంటి బీమాను గురించి మాట్లాడదలచితిమి. ఇది బీమా ఏజెంటు చేయవలసిన పని కదా, యూనియనుకు ఏల అని కొందరికి తోచవచ్చును. ఏల అనగా, ఈ విషయమున మా వలన ఒక పొరపాటు జరిగినది. ముందుగా దానిని మీ యెదుట ఒప్పుకొనుట న్యాయము.

బాగ్‌బేడా ప్రాంతమున, ఖర్కాయీ నదికి దాపున, మా సహచరుడొకడు ఇల్లు కట్టుకొన్నాడు. శ్రీకాకుళము జిల్లానుండి వచ్చి, గ్యాంగ్‌మన్‌గా చేరి, పైకి వచ్చినవాడు. ఇంటి నిర్మాణపు అడ్వాన్సు ఆయనకు మంజూరగుటకై మేము ఆఫీసుల చుట్టు తిరిగితిమి, కాగితములు వ్రాసితిమి. మంజూరయినపుడు మిఠాయి కూడ తింటిమి. బీమా సంగతి వచ్చినపుడు మాత్రము, "అడ్వాన్సు మొత్తమునకు చేయించు, ఆఫీసువారు అంతకు మించి అడుగరు" అని సలహా యిచ్చితిమి. ఆయన అట్లే 2 లక్షలకు చేయించెను. 2008 జూనులో సువర్ణరేఖ, ఖర్కాయీ పొంగినవి. ఇంటికి జరిగిన నష్టము 90 వేలని సర్వేయరు లెక్కకట్టెను. చేతికి వచ్చినది 30 వేలు.

మోసమేమియు జరుగలేదు. ఆనాటి పాలసీలలో సగటు నిబంధన అని ఒకటి యుండెను. తిరిగి కట్టుటకు 6 లక్షలగు ఇంటిని 2 లక్షలకే బీమా చేసినచో, మూడింట రెండు వంతుల భారము యజమానియే మోయుచున్నట్లు లెక్క. కావున ఏ నష్టములోనైనను మూడవ వంతే చెల్లింతురు. ఆ నిబంధన పాలసీలో చిన్న అక్షరములతో ఉన్నది. ఆయన చదువలేదు. పట్టభద్రులమని చెప్పుకొను మేమును చదువలేదు.

ఇక అసలు విషయమునకు వత్తము. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి ఇంటి అడ్వాన్సు నిబంధనలలో 34 నెలల మూలవేతనము, 25 లక్షలు, ఇంటి ఖరీదు, ఈ మూడింటిలో ఏది తక్కువయితే అంతకు మించకుండ ఇత్తురని కలదు. దీనిని మనవారందరు కంఠస్థము చేసియున్నారు. అదే నిబంధనలలో, ఇల్లు పూర్తికాగానే అగ్ని, వరద, పిడుగు వలన కలుగు నష్టమునకు, అడ్వాన్సుకు తగ్గని మొత్తమునకు, సొంత ఖర్చుపై బీమా చేయించి, అప్పు తీరునంతవరకు కొనసాగింపవలెనని కూడ కలదు. దీనిని ఎవరును జ్ఞాపకముంచుకొనరు. మొదటి ఏడు రసీదు దాఖలు చేయుదురు, పిమ్మట మరచెదరు. ఇల్లు రాష్ట్రపతి పేర తనఖాలో నున్నది. బీమా లేనిచో నియమోల్లంఘనము మన తలపైన, వరద మన గడపలోన.

"అడ్వాన్సుకు తగ్గని" అను మాటను మరల చూడుడు. అది ప్రభుత్వము తన అప్పును కాపాడుకొనుటకు పెట్టుకొన్న కనీసపు హద్దు. మన ఇంటి విలువతో దానికి నిమిత్తము లేదు. మా తప్పు సరిగా అచ్చటనే జరిగినది.

2021 ఏప్రిల్ 1 నుండి పరిస్థితి కొంత మారినది. బీమా నియంత్రణ సంస్థ ఆదేశముపై, సాధారణ బీమా కంపెనీలు "భారత్ గృహ రక్ష" అను ఒకే మాదిరి పాలసీని అమ్ముచున్నవి. ఏ కంపెనీలో కొన్నను ముఖ్య నిబంధనలు ఒక్కటే. ఇందులో మేము చెప్పిన సగటు కోత తొలగింపబడినది. బీమా మొత్తమునకు లోబడి, జరిగిన నష్టమునంతయు చెల్లింపవలెను. బీమా మొత్తము కూడ అదనపు ప్రీమియం లేకుండ ఏటికి 10 శాతము చొప్పున పెరుగును. ఇది మేలైన మార్పు.

లెక్క ఎట్లనగా, ఇంటి లోపలి నేల వైశాల్యమును, నేడు చదరపు మీటరు కట్టుబడికి అగు ఖర్చుతో హెచ్చింపవలెను. 80 చదరపు మీటర్ల ఇల్లు, మీటరుకు 20 వేలు అనుకొన్నచో 16 లక్షలు. స్థలము ఖరీదు ఇందులో చేరదు. నేల తగులబడదు కదా. ఇంటిలోని సామానులకు ఆ మొత్తములో 20 శాతము, 10 లక్షలకు మించకుండ, దానంతటదే వర్తించును. అనగా పై ఇంటికి 3 లక్షల 20 వేలు. అంతకు మించి సామానున్నచో జాబితా యిచ్చి పెంచుకొనవచ్చును.

ఖర్చు మాట. రేటు కంపెనీని బట్టి, ఇంటిని బట్టి మారును. ఉదాహరణకు వేయికి 40 పైసలని ఊహింతము. 19 లక్షల 20 వేలకు ప్రీమియం 768 రూపాయలు. దానిపై 18 శాతము జి.ఎస్.టి. చేర్చగా సుమారు 906. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై 2025 సెప్టెంబరు 22 నుండి ఈ పన్ను ఎత్తివేసిరి గాని, ఇంటి బీమాపై ఎత్తివేయలేదు. రేటు రెండింతలయినను నెలకు ఎంత పడునో మీరే చూచుకొనుడు. దానికి ప్రక్కన ఇంకొక అంకె పెట్టుదము: 2022-26 కాలమునకు విపత్తు సహాయ నియమముల క్రింద, మైదాన ప్రాంతమున పూర్తిగా కూలిన ఇంటికి నిర్ణయించిన సహాయము 1 లక్ష 20 వేలు.

ఈ పాలసీ అగ్ని, పిడుగు, తుపాను, వరద, భూకంపము, నేల కుంగుట, కొండచరియలు, నీటి ట్యాంకు పగిలి పొర్లుట మున్నగువానికి వర్తించును. 2021 మే నెలలో యాస్ తుపాను వర్షములకు ఈ ఊరి రెండు నదులు ప్రమాద సూచికను దాటుట మీరు చూచియున్నారు. అల్లర్ల వలన కలుగు నష్టమునకు కూడ రక్షణ కలదు. 1979 ఏప్రిల్ నాటి జంషెడ్‌పూరును ఎరిగినవారికి ఆ మాట విలువ చెప్పనక్కరలేదు. అదే వరుసలో "సమ్మెలు" అను మాట కూడ చేర్చిరి. అల్లరి, సమ్మె, దురుద్దేశముతో చేయు నష్టము, ఈ మూడింటిని ఒకే గాట కట్టిన మహానుభావుడెవడో మనకు తెలియదు. దానిపై మన తగాదా వేరుగా నున్నది.

దొంగతనము విషయమున చాలమంది పొరపడుచున్నారు. వరద, అగ్ని వంటి ప్రమాదము సంభవించి, దాని కారణముగా 7 దినములలో జరిగిన దొంగతనమునకే ఈ పాలసీ పనిచేయును. ఊరికి పోయినపుడు తాళము పగులగొట్టినచో పనికిరాదు. దానికి వేరుగా బీమా కలదు. రొక్కము, పత్రములు, వాహనములు చేరవు. నగలకు వేరుగా విలువ కట్టించి చేర్పింపవలెను. కొత్త గోడలు సర్దుకొనుటలో వచ్చు బీటలు, లోపభూయిష్టమైన కట్టుబడి, పూడ్చిన నేల కుంగుట కూడ చేరవు. నదీతీరపు పల్లములను పూడ్చి కట్టినవారు ఈ చివరి మాటను గుర్తింపవలెను.

ఈ ఊరికి ప్రత్యేకమైన చిక్కు నేల హక్కు. కొంత భూమి టాటా కంపెనీ లీజులోనిది. బస్తీలలో అనేకులకు పట్టాలు లేవు. ఆదివాసుల భూమి బదిలీపై 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టపు ఆంక్షలు కలవు. ఆస్తిపై చట్టసమ్మతమైన ఆసక్తి యున్నవానికే బీమా వర్తించును గనుక, సాదా కాగితముపై కొన్న స్థలములో కట్టిన ఇంటికి క్లెయిము సమయమున పేచీ రావచ్చును. అట్టివారు ప్రపోజలు ఫారములో ఉన్నది ఉన్నట్లు వ్రాసి, కంపెనీ జవాబును వ్రాతమూలకముగ తీసికొనవలెను. క్వార్టర్లలోను అద్దె ఇండ్లలోను ఉన్నవారు సామానులకు మాత్రమే బీమా చేయించుకొనవచ్చును. ఇది చాలమంది ఎరుగరు.

తపాలా సోదరులు తపాలా జీవిత బీమాను తలచి, మాకు 1884 నుండి బీమా కలదందురు. అది ప్రాణమునకు సంబంధించినది. ఈ ఊరి ఉక్కు కర్మాగారముతో పేరు ముడిపడిన దొరాబ్జీ టాటాయే 1919లో న్యూ ఇండియా బీమా కంపెనీని స్థాపించెను. 1973లో అది జాతీయము చేయబడినది. ఇంతటి చరిత్ర గల ఊరిలో మన ఇండ్లు బీమా లేక యుండుట వింతయే.

నష్టము జరిగినపుడు వెంటనే కంపెనీకి తెలుపవలెను. శుభ్రము చేయుటకు ముందు ఫోటోలు తీయవలెను. అల్లరి, దొంగతనము అయినచో పోలీసు ఫిర్యాదు నకలు ఉంచుకొనవలెను. అసలు పాలసీ ఇంటిలోనే ఉంచి, ఇంటితోపాటు ముంచుకొనిన వారిని మేమెరుగుదుము. ఒక నకలు ఆఫీసు బీరువాలో నుండనిండు. క్లెయిము నిరాకరించినను, తగ్గించినను మొదట కంపెనీకి వ్రాయుడు. ఒక నెలలో తృప్తికరమైన జవాబు రానిచో పాట్నాలోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. ఝార్ఖండ్ ఆ కార్యాలయపు పరిధిలోనిదే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. నిరాకరణ జరిగిన ఏడాదిలోగా పంపవలెను. ఆ కాగితములు వ్రాసిపెట్టుటకు, పాత పాలసీలను సరిచూచుటకు మన శాఖ కార్యాలయములో మేము సాయంకాలములందు ఉందుము. అడ్వాన్సు తీసికొన్నవారు మంజూరు ఉత్తర్వును, చివరి ప్రీమియం రసీదును వెంట తెచ్చుకొనవలెను.