అట్ట రంగు చెప్పిన పిల్లలు

పిల్లల కోసం 2002లో ఇంటర్నెట్‌లోకి వచ్చిన అంతర్జాతీయ డిజిటల్ గ్రంథాలయం గురించి చెబుతాను. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అలిసన్ డ్రూయిన్ బృందం దాన్ని తయారుచేసింది. 7 నుంచి 11 ఏళ్ల పిల్లలను తమతో సమానంగా కూర్చోబెట్టుకుని మరీ చేసింది! పెద్దలు రచయిత పేరుతోనో శీర్షికతోనో పుస్తకం వెతుకుతారు. పిల్లలకు గుర్తుండేది అట్ట రంగు. అందుకే ఎర్ర అట్టలు, నీలం అట్టలు అంటూ వెతికే వీలు పెట్టారు. ఎంత చదివిన ఇంజనీరుకైనా ఒంటరిగా కూర్చుంటే ఇది తట్టదని నా నమ్మకం. మన బడుల యాప్‌లకూ టీచర్లను, పిల్లలను ఇలాగే ముందే పిలవాలి.

ఇలా పిల్లలతో కలిసి తయారుచేసే పద్ధతి తేలికే. నమూనా వాడి చూశాక నచ్చినవి, నచ్చనివి, కొత్త ఆలోచనలు చిన్న చిన్న అంటింపు చీటీల మీద రాస్తారు. వాటిని గోడకు అతికించి, ఒకే రకం మాటలన్నీ ఒకచోట చేరుస్తారు. ఏ గుంపు పెద్దదైతే ముందు దాన్నే పట్టించుకుంటారు.