అన్నమును అడ్డుకొను మాత్ర



అన్నము మాననక్కరలేదు, భోజనమునకు ముందు ఒక మాత్ర మ్రింగిన ఒళ్ళు తగ్గునను ప్రకటనలు నేడు పల్లెలలోని ఫోనులలోను కనబడుచున్నవి. ఆ మాత్రను గూర్చి మీతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

అది తెల్ల రాజ్మా గింజలనుండి తీసిన సారము. మన లాలాజలమునందును, క్లోమరసమునందును అమైలేజ్ అను ద్రవ్యము కలదు. అన్నములోని పిండిపదార్థమును విడగొట్టి చక్కెరగ మార్చుటకు అది తోడ్పడును. రాజ్మా సారము ఆ ద్రవ్యమును అడ్డుకొనును గనుక పిండి ఒంటికి పట్టదని అమ్మెడివారి వాదము.

1982లో అమెరికా వైద్యులు 100 గ్రాముల పిండిపదార్థముగల భోజనముతో ఇట్టి మాత్రలనిచ్చి పరీక్షించిరి. మాత్ర వేసికొన్నను, వేసికొనకున్నను ఒంటికి పట్టిన శక్తిలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఆ యేడే అచ్చటి ప్రభుత్వము వీని అమ్మకమును ఆపవలెనని ఆదేశించినది. తరువాత జరిగిన కొన్ని పరీక్షలలో బరువు కొలదిగ తగ్గినను, ఫలితములన్నియు ఒక తీరున లేవు. జీర్ణము కాని పిండి పెద్దప్రేగున పులిసి కడుపుబ్బరము కలిగింపవచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైన మాట ఒకటి కలదు. ఇది చెట్టుమందే కదా యని మధుమేహము గలవారు వైద్యుడిచ్చిన మందును మానరాదు. వైద్యునకు చెప్పక రెండును కలిపి వాడనురాదు. రక్తములోని చక్కెర మితిమీరినను, మరీ పడిపోయినను ప్రాణాపాయమే. చెట్టునుండి వచ్చినదెల్ల మేలు చేయదు. ఇవే రాజ్మా గింజలను సరిగ ఉడికింపక తిన్నచో వాంతులు, విరేచనములు పట్టుకొనును.

స్థూలకాయమును కుదుర్చునని మందులను ప్రకటించుటను 1954నాటి కేంద్ర చట్టము నిషేధించుచున్నది. ఆహారముగ అమ్మెడి వస్తువు రోగమును మాన్పునని చెప్పుటయు నియమవిరుద్ధమే. డబ్బామీద 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నంతమాత్రమున అది మందు కాదు.

మరి ఒళ్ళు తగ్గుటెట్లు? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యములనుండి వచ్చునది నూటికి 45 పాళ్ళు మించరాదు. కావున విస్తరిలో అన్నము కొంత తగ్గించి పప్పు, కూర, ఆకుకూర పెంచవలెను, ప్రతిదినము నడవవలెను.

సభ్యులారా, రాబోవు గ్రామసభలో ఈ సంగతి చదివి వినిపింపుడు. ఆశా కార్యకర్తచేత మధుమేహ రోగుల ఇండ్లకు తెలియజేయింపుడు. ఇట్టి సరుకు రోగములను కుదుర్చునని చెప్పి ఎవరైన ఊరికి తెచ్చినచో, డబ్బాను భద్రపరచి జిల్లా ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు వ్రాయుడు. కొన్న తరువాత ఓదార్చుటకన్న, కొనకముందు హెచ్చరించుట మేలు.