బాటసారికి చెప్పు సలహా
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పద్మపూరులో మన కుటుంబములు తరతరములుగా వ్యాపారము చేసికొనుచున్నవి. అంగడి అరుగు ఉన్నచోట బాటసారి ఆగుట సహజము. గుణుపూరు వైపు, రాయగడ వైపు పోవు మోటారు సైకిలువారు మన ముంగిట నిలిచి మంచినీళ్లు అడుగుదురు, దారి అడుగుదురు, బండి సంగతియు అడుగుదురు. ఒడియాలో అడిగినను తెలుగులో అడిగినను మనము లేదనక చెప్పెదము. కాటా వేయక చింతపండు బస్తా కొనని మనము, సలహాను మాత్రము తూచకయే ఇచ్చివేయుచున్నాము. ఆ తప్పు చేసినవారిలో మేమును ఒకరము.

కొన్నేండ్ల క్రిందట ఒక యువకుడు భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని మా అంగడి యొద్ద ఆగెను. కోరాపుట్టులో బంధువులను చూచి, అచటినుండి సాలూరు దిగవలెనట. పెట్రోలు ఖర్చు ఎక్కువగుచున్నదని అతడు వాపోగా, "సుంకి ఘాటీలో ఇంజను ఆపి, న్యూట్రలులో దిగుము నాయనా, చాల మిగులును" అని ధీమాగా చెప్పితిమి. అది మా తండ్రిగారినాటి మాట. మేము పరీక్షించినది కాదు. వారము తరువాత అతడు మోచేతికి కట్టుతో తిరిగి వచ్చెను. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పగా, బండిని కొండవైపు కాలువలోనికి త్రోలి బ్రతికిరట. మమ్ము ఒక్క మాట అనలేదు. ఆమె మాత్రము బండి దగ్గరనే నిలిచినది. మేమిచ్చిన నీళ్లు పుచ్చుకొనలేదు.

కోరాపుట్టు సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నది; సాలూరు కొండల అడుగున ఉన్నది. అంతటి దిగుడున ఇద్దరి బరువును బ్రేకులే మోయజాలవు. ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును అదే గేరు అని పాత డ్రైవర్లు చెప్పుదురు. అట్లు దిగినచో ఇంజనే బండిని వెనుకకు పట్టును. ఇక పొదుపు సంగతి: 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్-6 ప్రమాణముల తరువాత కొత్త బండ్లలో పెట్రోలు ఇంజెక్షను పద్ధతి సాధారణమైనది. వానిలో పెక్కింట, గేరులో నుండగా యాక్సిలేటరు పూర్తిగా వదలినచో ఇంజనుకు పెట్రోలు అందుట తనంతట తానే నిలిచిపోవును. ఇంజను ఆపినందున అదనముగా మిగులునది లేదన్నమాట!

పెట్రోలు గొట్టమునకు అయస్కాంతము తగిలించిన మైలేజి పెరుగునని మరియొక మాట. ట్యాంకు నిండ పోయించి మీటరు వ్రాసికొనుడు. కొన్నాళ్లు తిరిగి మరల నిండ పోయించుడు. 300 కిలోమీటర్లకు 6 లీటర్లు పట్టినచో లీటరుకు 50. తగిలించి మూడు మార్లు, తీసివేసి మూడు మార్లు చూచితిమి. పద్దులో భేదము లేదు. ఆ అయస్కాంతము ఇప్పుడు మా గల్లాపెట్టెలో గుండుసూదులను పట్టుచున్నది.

హెల్మెటు విషయమున లెక్కలు అక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను వెనుక కూర్చున్నవారికిని అది ఉండవలెనన్నది. గడ్డము క్రింద పట్టీ బిగించనిచో అది కుండమూతతో సమానము.

ఇప్పుడు కొండదారి అడిగినవారిని మేము మొదట బండి ఏది, వెనుక ఎవరు, బ్రేకు షూలు ఎప్పుడు మార్చితిరి అని అడుగుచున్నాము. తెలియనిచో తెలియదనుచు మెకానిక్కు కడకు పంపుచున్నాము. మీ అరుగుల మీదను ఇట్లే అడుగవలెనని మా మనవి.