పండ్లతో పుల్ల ఐసు: నీళ్లూ శుభ్రంగా, లెక్కా శుభ్రంగా
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



వేసవిలో ఇంటి దగ్గర చేసుకునే పని ఒకటి చెప్పమని సమాఖ్య నన్ను అడిగింది. నేను చెప్పబోయేది చిన్న వస్తువే. పుల్ల ఐసు. మనం చిన్నప్పుడు ఐస్ ఫ్రూట్ అన్నం కదా, అదే. మా సంఘంలో నలుగురం రెండు వేసవుల నుంచి ఇంట్లనే పండ్లతో చేసి బస్తీలో అమ్ముతున్నం. ఇప్పుడు వేరే సంఘాల వాళ్లు కూడా చేస్తమంటున్నరు. సంతోషం. కానీ మొదలుపెట్టే ముందు రెండు మాటలు తేల్చుకోవాలి. ఒకటి నీళ్ల మాట, రెండోది మన కూలీ మాట. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా పని అందరికీ వచ్చిన వంట పనే.

ఈ ఐసుకు పెద్ద ఫ్యాక్టరీ అక్కర లేదు. అసలు ఇది పుట్టిందే ఇంటి వాకిట్లో అంటరు. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే 11 ఏళ్ల పిల్లగాడు గ్లాసులో సోడా పొడి కలుపుకొని, కలిపిన పుల్లను అందులోనే వదిలేసి, రాత్రి బయట మర్చిపోయిండట. ఆ చలికి తెల్లారేసరికి పుల్లతో సహా గడ్డ కట్టింది. పెద్దయినంక 1924లో దానికి పేటెంటు తీసుకున్నడు. మనకు ఆ చలి లేదు, ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్ లేని ఇంట్ల కూడా బకెట్‌లో మూడు పాళ్లు ఐసుకు ఒక పాలు గల్లుప్పు కలిపి, మధ్యలో మూత గట్టి డబ్బాలు పెడితే గడ్డ కడతది. మట్కా కుల్ఫీ చేసేటోళ్లు చేసేది ఇదే. ఉప్పు కలిస్తే ఐసు మామూలు కంటే ఎక్కువ చల్లబడతది. ఆ ఉప్పు నీళ్లు డబ్బాలోకి దిగకుండా మాత్రం చూసుకోవాలి.

ఇప్పుడు నీళ్ల మాట. చాలామంది అనుకుంటరు, గడ్డ కట్టినంక క్రిములు చచ్చిపోతయి కదా అని. చావవు. చలికి అవి కదలకుండా ఉంటయి, అంతే. ఐసు కరిగి పిల్లల కడుపులోకి పోయినంక మళ్లీ లేస్తయి. టైఫాయిడ్, పచ్చకామెర్లు, విరేచనాలు ఐసుతో కూడా వస్తయి. మా సంఘంలో ఒక అక్క కొడుకుకు టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం పట్టిండు. అది ఐసు వల్లనా, నీళ్ల వల్లనా, ఇంకేదన్నా తిని వచ్చిందా ఎవరికీ తేలలేదు. కానీ ఆ అక్క మమ్మల్ని ఒక మాట అడిగింది. "రేపు మన ఐసు తిని ఇంకొకరి పిల్లకు ఇట్లయితే, ఆ తల్లికి ఏం చెప్దాం?" ఆ రోజు నుంచి మేము పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి.

మనకు చాలా బస్తీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తది. డ్రమ్ములో, బిందెల్లో పట్టి పెట్టుకుంటం. నల్లా నీళ్లు మంచివే అయినా డ్రమ్ములో చెయ్యి పెట్టిన తర్వాత అవి మంచివని చెప్పలేం. అందుకే ఐసుకు వాడే నీళ్లు మసిలించాలి. బుడగలు వచ్చినంక వెంటనే దించకుండా ఇంకో రెండు నిమిషాలు మరగనియ్యాలి. మూత పెట్టి చల్లార్చాలి. ముందు రోజు రాత్రే మరిగించి పెట్టుకుంటే పొద్దున పని సులువు. చల్లారిన నీళ్లు త్వరగా కావాలని బయట కొన్న ఐసు గడ్డ అందులో వేయొద్దు. ఆ గడ్డ చేపల కోసం చేసిందో, దేని కోసం చేసిందో మనకు తెల్వదు. బకెట్‌లో ఉప్పుతో వాడుకోవచ్చు గానీ రసంలో కలపొద్దు.

మౌల్డులు, మిక్సీ జార్, జాలి, గరిటె అన్నీ సబ్బుతో కడిగి వేడినీళ్లు పోయాలి. తలకు గుడ్డ కట్టుకోవాలి. చేతికి పుండు ఉన్నోళ్లు, విరేచనాలు, జ్వరం ఉన్నోళ్లు ఆ రోజు పనికి రావద్దు. ఇంకోటి, చికెన్, మటన్ పెట్టే ఫ్రీజర్‌లో ఐసు పెట్టొద్దు. ఇంట్ల ఒక్కటే ఫ్రిజ్ ఉంటే ఆ నాలుగు నెలలు మాంసం ఏ రోజు తెస్తే ఆ రోజు వండుకోవాలి.

పండ్ల మాటకొస్తే మన సికింద్రాబాద్‌కు కొదువ లేదు. సీతాఫల్‌మండి అని బస్తీ పేరులోనే పండు పెట్టుకున్న ఊరు మనది. మోండా మార్కెట్ దగ్గరే ఉంది. పెద్ద పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం పోయినంక అక్కడికి ఆటో ఖర్చు పెట్టుకొని పోతే మనకు గిట్టుబాటు కాదు. పది మంది కలిసి తెప్పించుకుంటేనే లాభం. మోండాలో సాయంత్రం పూట మెత్తబడ్డ పండ్లు తక్కువకు ఇస్తరు. ఐసుకు మెత్తటి పండే మంచిది, తీపి ఎక్కువ ఉంటది. కానీ మెత్తబడ్డది వేరు, కుళ్లింది వేరు. పులిసిన వాసన వస్తే పారేయాలి. మచ్చ వరకు కోసేసి మిగతాది వేద్దాం అనుకోవద్దు.

మామిడి పండ్లను కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషేధం. అయినా దొంగచాటుగా చేసేటోళ్లు ఉన్నరు. పైన అంతా ఒకే తీరు పసుపు రంగు, లోపల పుల్లగా, గట్టిగా ఉండి, పండు వాసన లేకపోతే తీసుకోవద్దు. ఏ పండైనా తెచ్చినంక గంట సేపు నీళ్లలో వేసి, బాగా రుద్ది కడగాలి.

ఇప్పుడు చేసే విధానం. కిలో బంగినపల్లి పండ్లు తీసుకుంటే తొక్క, టెంక పోను గుజ్జు రమారమి 600 గ్రాములు వస్తది. దానికి మరిగించి చల్లార్చిన నీళ్లు 400 మిల్లీలీటర్లు, చక్కెర 120 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు. చక్కెరను వేడినీళ్లలోనే కరిగించి చల్లార్చుకుంటే మంచిది. అన్నీ మిక్సీలో తిప్పి రుచి చూడాలి. తాగడానికి కొంచెం తీపి ఎక్కువైందే అనిపించాలి. ఎందుకంటే చల్లబడ్డంక నాలుకకు తీపి తక్కువ తెలుస్తది. చక్కెర మరీ తగ్గిస్తే ఐసు రాయి లెక్క గట్టి పడతది. మరీ ఎక్కువైతే గడ్డ కట్టదు, పుల్ల జారిపోతది.

మౌల్డులో పైన కొద్దిగా జాగా వదిలి పోయాలి, గడ్డ కట్టినప్పుడు పొంగుతది. మూతలేని మౌల్డు అయితే గంట, గంటన్నర తర్వాత సగం గట్టి పడ్డప్పుడు పుల్ల గుచ్చితే నిలబడతది. పుల్ల చెక్కదే వాడాలి. ప్లాస్టిక్ ఐసు పుల్లలు 2022 జులై 1 నుంచి నిషేధం. చెక్క పుల్లలు, కవర్లు బేగంబజార్‌లో టోకున దొరుకుతయి. ఎనిమిది గంటలు ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంచాలి. తీసేటప్పుడు మౌల్డును మంచి నీళ్లలో రెండు మూడు క్షణాలు ముంచితే ఐసు సులువుగా వస్తది.

రెండో రకం పచ్చి మామిడి ఐసు. అర కిలో కాయలు ఉడకబెట్టి గుజ్జు తీస్తే 300 గ్రాముల దాకా వస్తది. 1,200 మిల్లీలీటర్ల నీళ్లు, 250 గ్రాముల చక్కెర, వేయించిన జీలకర్ర పొడి, నల్లుప్పు. ఎండన పడి వచ్చినోళ్లకు ఇది ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటది. పిల్లల కంటే పెద్దోళ్లే దీన్ని ఎక్కువ అడుగుతరు.

ఇగ అసలు మాట, లెక్క. పండ్ల ధర రోజూ మారుతది కాబట్టి ఒక ధర అనుకొని చెప్తున్న, మీరు మీ ధర పెట్టి వేసుకోండి. మామిడి పండు కిలో 80 రూపాయలు, చక్కెర 6, నిమ్మకాయ 5, గ్యాసు, కరెంటు 12. గిన్నెకు అంటుకున్నది పోను 60 మిల్లీలీటర్ల ఐసులు 17 వస్తయి. పుల్ల, కవరు కలిపి ఒక్కోదానికి రూపాయి అనుకుంటే 17. మొత్తం 120 రూపాయలు. అంటే ఒక్క ఐసు మనకు 7 రూపాయలు పడ్డది. పదికి అమ్మితే 170 వస్తయి, 50 మిగులుతది.

ఈ 50ని చూసి మనం లాభం అంటం. అది లాభం కాదు అక్కలారా. పండ్లు కడిగి, కోసి, మిక్సీ పట్టి, పోసి, కవర్లు వేసి, గిన్నెలు తోమేసరికి గంటన్నర పట్టింది. ఆ 50 మన కూలీ. గంటకు 33 రూపాయలు. మన ఇంట్లో పని కదా, దానికి లెక్కేంది అని మనమే అంటం. బయట ఇంకొకరి ఇంట్ల గిన్నెలు తోమితే లెక్క అడుగుతం. మన ఇంట్ల మన చేతులు మాత్రం ఉచితమా? పుస్తకంలో చక్కెర రాసినట్టే, పుల్ల రాసినట్టే, "కూలీ, గంటన్నర" అని ఒక వరుస రాయాలి. అది రాయని రోజు మనం లాభంలో ఉన్నట్టే కనిపిస్తది. నడుం నొప్పి మాత్రం లెక్కలో కనిపించదు.

రాస్తే ఏమైతది? దారి కనిపిస్తది. కిలో బదులు మూడు కిలోలు చేస్తే 51 ఐసులు, ఖర్చు 360, వచ్చేది 510, మిగిలేది 150. కానీ టైము మూడింతలు కాదు, మాకు రెండున్నర గంటలే పట్టింది. గంటకు 60 పడ్డది. ఒక్క ఇంటి ఫ్రీజర్‌లో 51 పట్టవు కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి చేసి, రెండు మూడు ఇళ్లల్లో పెట్టుకోవాలి. సంఘంగా ఉన్నందుకు లాభం ఇక్కడ వస్తది.

ఇంకో మాట కూడా వచ్చింది. బండి మీద ఐసు 5 రూపాయలకే దొరుకుతది, మనం కూడా రంగు, ఎసెన్సు వేసి 5కు అమ్ముదాం అని కొందరు అన్నరు. 7 రూపాయలు పడ్డ పండు ఐసును 5కు అమ్మితే 17 మీద 35 రూపాయలు నష్టం, కూలీ కాక. అంటే 5కు అమ్మాలంటే పండు తీసేయాల్సిందే. రంగు మాటకొస్తే, ప్రభుత్వం ఒప్పుకున్న రంగులకు కూడా ఇంతకు మించొద్దని హద్దు ఉంది. మన వంటింట్ల ఆ హద్దు కొలిచే సాధనం లేదు. చెంచా మొనతో వేసేదాన్ని కొలత అనలేం. అందుకే రంగు వద్దని మేము నిర్ణయం చేసుకున్నం.

మరి 5 రూపాయలే చేతిలో ఉన్న పిల్ల వస్తే? ఆ పిల్ల కోసమే పచ్చి మామిడి ఐసు. కాయలు 25, చక్కెర, జీలకర్ర, ఉప్పు కలిపి 18, గ్యాసు, కరెంటు 15, పుల్లలు, కవర్లు 26. మొత్తం 84. ఐసులు 26. ఐదుకు అమ్మితే 130 వస్తయి, 46 మిగులుతయి. పండు ఐసు పదికి, పచ్చి మామిడి ఐసు ఐదుకు. ఏ పిల్లనూ ఉత్త చేతుల్తో పంపక్కర లేదు, ఎవరికీ రంగు నీళ్లు అమ్మక్కర లేదు.

అమ్మేటోళ్లందరం రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. 2006 ఆహార భద్రత చట్టం కింద చిన్న తయారీదారులకు లైసెన్సు అక్కర లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చాలు. రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, రాకపోతే ఆర్పీ అక్క సాయం తీసుకోండి. ఇంకా, బోర్డు మీద ఐస్‌క్రీం అని రాయొద్దు. ఐస్‌క్రీం అంటే పాలకొవ్వు 10 శాతం ఉండాలని నియమం. మనది పండ్ల ఐసు, ఆ పేరే రాద్దాం. చేసిన తేదీ కవరు మీద రాద్దాం. కరెంటు పోయి ఒకసారి కరిగిన ఐసును మళ్లీ గడ్డ కట్టించి అమ్మొద్దు.

డీప్ ఫ్రీజర్ కొనడానికి అప్పు ఇప్పించమని కొందరు అడుగుతున్నరు. నా మాట ఏమంటే, మొదటి వేసవి ఇంటి ఫ్రిజ్‌తోనే చేసి చూడండి. ఐసు అమ్ముడయ్యేది మార్చి నుంచి జూన్ దాకా. బడి సెలవులు అయిపోతే సగం గిరాకీ పోతది. కిస్తీ మాత్రం బోనాలకూ వస్తది, దీపావళికీ వస్తది. సీతాఫలం గుజ్జు తీసి దాచి అమ్మడం లాంటి ఇంకో పని ఆ ఫ్రీజర్‌కు ఉందని లెక్క చూపిస్తేనే అప్పు పెట్టుకోవాలి. 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఆహార తయారీ చేసే సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం పెట్టిన్రు. అది సమాఖ్యకు గ్రాంటుగా వచ్చి, మనకు అప్పుగా అందేది. ఉత్తగ వచ్చిన పైసలు అనుకోవద్దు.

చివరగా ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్న. ఒకటి, మన సమాఖ్య పేరు మీద అమ్మే ఐసులో మరిగించిన నీళ్లే వాడాలి, రంగు వాడొద్దు. రెండు, ఐసు చేసే ప్రతి సంఘం లెక్కల పుస్తకంలో కూలీకి ఒక వరుస పెట్టాలి. మూడు, జనవరి నెలాఖరులోపు ఎవరెవరు చేస్తరో పేర్లు ఇస్తే పుల్లలు, కవర్లు, పండ్లు అందరికీ కలిపి టోకున తెప్పించాలి. ఒప్పుకున్నోళ్లు చెయ్యి ఎత్తండి, మినిట్స్ పుస్తకంలో రాయించుకుందాం.