చేతిలోని మాయలేడి



భద్రాద్రికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెం మండలములో పర్ణశాల కలదు. మారీచుడు బంగారులేడియై వచ్చినది ఇచ్చటనే యని స్థలపురాణము. అది కనబడుచు, మాయమగుచు స్వామిని కుటీరమునకు దూరముగా కొనిపోయినది. ఖమ్మం, కొత్తగూడెం కళాశాలల బిడ్డల చేతులలో స్మార్ట్‌ఫోనును చూచినపుడెల్ల మాకా లేడియే స్ఫురించును.

ఫోను మ్రోగినపుడే కదా చదువు చెడునది యని మీరందురు. 2017లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 800 మందిని పరీక్షించిరి. ఫోను మౌనముగా నున్నను, దానిని ఎదుట బల్లపై నుంచుకొన్నవారికంటె వేరొక గదిలో విడిచి వచ్చినవారే ఆలోచన పరీక్షలలో మెరుగుగా నిలిచిరి. తరువాతి పరిశోధనలన్నియు దీనితో ఏకీభవింపలేదనియు చెప్పవలెను. వారి వివరణ మాత్రము మనకు క్రొత్తది కాదు: చూడరాదని మనస్సును పట్టియుంచుటకే మనస్సులో కొంత వ్యయమగును. పాఠమునకు మిగిలినది నిండు మనస్సు కాదు.

మనోనిగ్రహము దుష్కరమని అర్జునుడు మొరపెట్టుకొనగా గీతాచార్యుడు చూపిన ఉపాయములు అభ్యాసము, వైరాగ్యము. పిల్లలను తిట్టి ఫోను లాగుకొనుట ఈ రెండింటిలో ఏదియు కాదు. తమ ఫోను చూచుచునే తిట్టు తండ్రులను మేమెరుగుదుము!

వసతిగృహములో వేరొక గది యెక్కడిదని విద్యార్థులడుగుదురు. పెట్టెలో నుంచి తాళము వేయుడు, తాళపుచెవి మిత్రునికిండు. మొదట ఒక గంట చాలును. సాయంత్రము ఇంటివారితో మాటలాడుటకు ఎటులను తీయవలసినదే.