ఒంట్లో ఉప్పులు అటూ ఇటూ అయితే? ఎవరికి మజ్జిగ, ఎవరికి బోండాం, ఎవరికి ఓఆర్ఎస్



రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు అనేవారు. మన విజయవాడలో, కింద డెల్టాలో ఎండొక్కటే కాదు, ఉక్కపోత కూడా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చల్లబడట్లేదు కాబట్టి ఒళ్ళు ఇంకా ఇంకా చెమట పోస్తుంది. అందుకే "నీళ్ళు బాగా తాగండి" అని అందరం చెప్తాం. అది సగం మాటే. మిగతా సగం ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

చెమట నాలిక్కి తగిలితే ఉప్పగా ఉంటుంది కదా. కన్నీళ్ళూ అంతే, రక్తమూ అంతే. మన ఒంట్లో ఉన్నవి ఉత్త నీళ్ళు కావు, ఉప్పునీళ్ళు. సోడియం, పొటాషియం, క్లోరైడ్, క్యాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ లాంటివి అందులో కరిగి, విద్యుత్ ఛార్జీతో తిరుగుతుంటాయి. వీటినే ఎలక్ట్రోలైట్స్ అంటాం.

ఇందులో సోడియం ఎక్కువగా కణం బయట ఉంటుంది, పొటాషియం లోపల ఉంటుంది. ప్రతి కణం గోడలోనూ ఒక పంపు ఉంది. మూడు సోడియంలని బయటికి తోస్తుంది, రెండు పొటాషియంలని లోపలికి లాగుతుంది. పగలూ రాత్రీ ఇదే పని. ఈ తేడా ఉంటేనే నరంలో కబురు నడుస్తుంది, కండరం ముడుచుకుంటుంది, గుండె కొట్టుకుంటుంది. రక్తంలో సోడియం 135 నుంచి 145, పొటాషియం మూడున్నర నుంచి ఐదు మధ్యలో ఉండాలి. పొటాషియం దగ్గర ఎంత ఇరుకు దారో చూడండి. ఒకటి రెండు పాయింట్లు దాటితే గుండె లయ తప్పుతుంది.

ఇప్పుడు నలుగురి సంగతి చెప్తాను. ఫిజీషియన్‌గా ఏప్రిల్ నుంచి జూన్ దాకా నేను ఎక్కువగా చూసేది ఈ నలుగురినే.

మొదటి మనిషి, ఎండలో పనిచేసేవాడు. స్లాబ్ పని, ఉపాధి హామీ పని, కాలవలు కట్టేశాక పూడిక తీసే పని. ఇలాంటి పనిలో గంటకి లీటరు దాకా చెమట పోవచ్చు. లీటరు చెమటతో సగటున గ్రాము దాకా సోడియం పోతుంది, అంటే దాదాపు అర టీస్పూను ఉప్పు. ఆయన బాటిళ్ళ కొద్దీ ఉత్త నీళ్ళు తాగితే ఏమవుతుంది? చారులో నీళ్ళు పోస్తే ఉప్పు చప్పబడినట్టు రక్తం పలచబడుతుంది. సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి, తల నొప్పి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. ఈయనకి కావాల్సింది ఉప్పేసిన మజ్జిగ, ఉప్పేసిన గంజి, పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగా ఉల్లిపాయా. చలివేంద్రం పెట్టేవాళ్ళకి నాదొక మనవి: నీళ్ళ కుండ పక్కన ఉప్పు మజ్జిగ కుండ కూడా పెట్టండి.

మరి కొబ్బరి బోండాం? మంచిదే. కానీ బోండాం నీళ్ళలో ఎక్కువ ఉండేది పొటాషియం, సోడియం తక్కువ. చెమటలో పోయేది సోడియం. పోయింది ఏదో అదే పెట్టాలి కదా!

రెండో మనిషి, ఇంట్లో పెద్దావిడ. బీపీ మాత్ర వాడుతుంటారు, అందులో నీరు లాగే మందు కలిసి ఉంటుంది. బీపీ అని ఉప్పు పూర్తిగా మానేశారు. ఎండాకాలం కదా అని ఇంట్లోవాళ్ళు నీళ్ళు తెగ తాగిస్తున్నారు. నాలుగు రోజులకి నీరసం, నడకలో తూలు, తర్వాత "మామ్మగారు మాట తేడాగా మాట్లాడుతున్నారండీ" అని తీసుకొస్తారు. పక్షవాతమనో, వయసు మీద పడిందనో అనుకుంటారు. రక్తం చూస్తే సోడియం 115 ఉంటుంది. సోడియం పడిపోతే నీళ్ళు మెదడు కణాల్లోకి చేరి వాపు వస్తుంది. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అలాగని ఇంట్లో చెంచాడు ఉప్పు మింగించకండి. సోడియం మరీ వేగంగా పెంచితే మెదడుకి ప్రమాదం. ఆసుపత్రిలో కూడా రోజుకి ఎనిమిది పాయింట్లకి అటూ ఇటూగానే పెంచుతాం. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడితే ఆ రోజే సోడియం టెస్టు చేయించండి. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్ని అడగండి.

మూడో మనిషి, కిడ్నీ జబ్బున్నవారు. మన ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో ఈ జబ్బుతో ఎన్ని కుటుంబాలు అవస్థ పడుతున్నాయో మీకు తెలుసు. ఎక్కువైన పొటాషియంని బయటికి పంపేది కిడ్నీ. అది పనిచేయకపోతే పొటాషియం పేరుకుంటుంది. చాలామందిలో ముందస్తు లక్షణం ఏమీ ఉండదు, ఆరున్నర దాటితే నేరుగా గుండె ఆగే ప్రమాదం. ఒక బోండాంలోనే 500 నుంచి 700 మిల్లీగ్రాముల పొటాషియం ఉండొచ్చు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు ప్రేమగా బోండాలు తెస్తారు. వద్దని చెప్పండి, మొహమాటపడకండి. "లో సోడియం" ఉప్పు కూడా వీళ్ళకి ప్రమాదమే, అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియమే.

నాలుగో మనిషి, విరేచనాలవుతున్న చంటిపిల్ల. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం. వరద తీశాక మొదటి భయం కలుషిత నీళ్ళూ, విరేచనాలూ. ఇక్కడ నీళ్ళతో పాటు సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ అన్నీ పోతాయి. పేగులో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెనక నీళ్ళు వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ సూత్రంతోనే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించారు. నూటికి ముప్పై ఉన్న చావులు నాలుగు లోపుకి వచ్చాయి.

అసలు ఓఆర్ఎస్ అంటే లీటరు నీళ్ళకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఈ లెక్క తప్పితే అది ఓఆర్ఎస్ కాదు. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీళ్ళు ఎదురు వచ్చి విరేచనాలు పెరుగుతాయి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి తియ్యటి డ్రింకులు అమ్మడం మీద హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకులకి ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి మందుల షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడగండి. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి. కొంచెం కొంచెం గ్లాసులో కలిపితే లెక్క తప్పుతుంది. 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ళలోపు పిల్లలకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలవండి. తల్లిపాలు మాత్రం ఆపకండి.

ఒక్క హెచ్చరిక. ఎండలో ఉన్న మనిషి ఒళ్ళు కాలిపోతూ, పిచ్చిగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకండి, పొలమారుతుంది. నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

చివరిగా, ఈ వీడియో చూసి అందరికీ ఒకటే తాగించకండి. కూలికెళ్ళే అబ్బాయికి ఉప్పు మజ్జిగ. కిడ్నీ జబ్బున్న మావయ్యగారికి బోండాం వద్దు. మామ్మగారికి ఉప్పెంత, నీళ్ళెంత అన్నది డాక్టరు చెప్పిన లెక్క. పాపకి కొలిచిన ఓఆర్ఎస్. ఒకే ఇంట్లో నలుగురికీ నాలుగు రకాలు ఉండొచ్చు.

మీ సందేహాలు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.