బహిష్టు నొప్పి – అల్ట్రాసౌండు పరీక్ష

పట్టిసీమ రేవులో నిలిచి చూచువారికి గోదావరి ఈ దరి నుండి వీరభద్రస్వామి కొండ వరకు ఒక్కటే తీరుగా కనిపించును. ఎచట మడుగున్నదో, ఎచట ఇసుకమేట ఉన్నదో పైనీరు చెప్పదు. వెనుకటి పడవవారు వెదురు గడను అడుగంట దింపి లోతు తెలిసికొనుచుండిరి. గడ దింపిన చోటనే లోతు తెలియును; దింపని చోటి సంగతి తెలియదు. నేడు నేను చెప్పబోవు పరీక్షకును ఈ మాట వర్తించును.

నెలనెలా బహిష్టు దినములలో మంచము దిగలేని ఆడపిల్లలు మన యిండ్లలో ఉన్నారు. "మేమంతా పడలేదటే? పెళ్ళయి ఓ కాన్పయితే అదే సర్దుకుంటుంది" అని పెద్దవారు ప్రేమతోనే అందురు. కొద్దిపాటి నొప్పి విషయమున ఆ ఓదార్పు చాలవచ్చును. కాని బడి మాన్పించునంతటి నొప్పి, ఏటేట పెరుగు నొప్పి, ఆ దినములలో మలవిసర్జన వేళ బాధ, దాంపత్యమున బాధ, సంతానము కలుగకుండుట – ఇవి ఎండోమెట్రియోసిస్ అను వ్యాధికి గుర్తులు కావచ్చును.

గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలము గర్భాశయము వెలుపల, అనగా అండాశయముల మీదను, ప్రేగుల మీదను, పొత్తికడుపు లోపలి పొరమీదను పెరుగుటయే ఈ వ్యాధి. దానివలన వాపు పుట్టి, క్రమముగా అవయవములు ఒకదానికొకటి అంటుకొనిపోవచ్చును. అండాశయములో పాతరక్తము నిలిచి తిత్తి ఏర్పడుటయు కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము సంతానయోగ్యమైన వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి, అనగా లోకములో 19 కోట్ల మందికి, ఈ వ్యాధి కలదు.

చిరకాలము దీనిని నిర్ధారించుటకు లాపరోస్కోపీయే ప్రమాణముగా నుండెను. అనగా మత్తు ఇచ్చి, పొట్టకు చిన్న రంధ్రము చేసి, గొట్టముతో లోపల చూచుట. 2022లో ఐరోపా సంతాన వైద్యనిపుణుల సంఘము తన మార్గదర్శకములను సవరించినది. స్కానులో ఏమియు కనిపించనప్పుడు గాని, మందులు ఫలించనప్పుడు లేక తగనప్పుడు గాని లాపరోస్కోపీ చేయవచ్చునని చెప్పినది. కావున నేడు మొదటి మెట్టు అల్ట్రాసౌండు.

మన చెవికి వినబడనంత హెచ్చు కంపనములు గల ధ్వనిని శరీరములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని యంత్రము బొమ్మగా మార్చును. ఎక్సురే కిరణముల ప్రసక్తి ఇందులో లేదు. పొట్టలోని గడ్డలను ఇట్లు చూడవచ్చునని గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్ బృందము 1958లో లోకమునకు తెలిపినది. మన కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వెలసినదియు ఆ సంవత్సరముననే.

ఈ వ్యాధికై స్కాను చేయు క్రమమును అంతర్జాతీయ నిపుణులు 2016లో నాలుగు అంశములుగా నిర్దేశించిరి. గర్భాశయమును, అండాశయములను చూచుట మొదటిది. ఎచట తాకిన నొప్పి కలుగుచున్నదో, అండాశయము కదలుచున్నదో లేదో తెలిసికొనుట రెండవది. గర్భాశయము మీద ప్రేగు జారుచున్నదా అని చూచుట మూడవది. ఆరోగ్యవతికి అది నీటిమీది పడవవలె జారును. వ్యాధి ముదిరినచో ఇసుకలో దిగబడిన పడవవలె నిలిచిపోవును. మూత్రాశయము, ప్రేగు మొదలగు చోట్ల లోతుగా పాతుకొన్న గడ్డలను వెదకుట నాలుగవది.

ఇచటనే ఒక హెచ్చరిక. సాధారణమైన స్కానులో తరచుగా మొదటి అంశముతోనే పని ముగియును. అంతేగాక, పొరమీద పలుచగా పరచుకొన్న మచ్చలు నిపుణుల కంటికి సైతము స్కానులో చిక్కకపోవచ్చును. కనుక "అంతయు బాగుగానే ఉన్నది" అని కాగితము వచ్చినంత మాత్రమున నొప్పి అబద్ధము కాదు. నొప్పి వచ్చిన తేదీలను, దాని తీవ్రతను ఒక పుస్తకములో వ్రాసికొని, ఈ వ్యాధి అనుమానముతో వచ్చితిమని స్కాను చేయు వైద్యునికి ముందుగానే చెప్పుడు.

పెండ్లికాని పిల్లను స్కానుకు తీసికొనిపోయిన ఇరుగుపొరుగు ఏమనుకొందురో అని తల్లులు జంకుదురు. స్కాను గర్భిణులకు మాత్రమే కాదు. యోనిమార్గమున సన్నని పరికరముతో చేయు పరీక్షలో బొమ్మ స్పష్టముగా వచ్చునుగాని, అది స్త్రీ సమ్మతి లేక చేయరాదు. పెండ్లికాని పిల్లలకు సాధారణముగా మూత్రాశయము నిండియుండగా పొట్టపై నుండియే చూతురు. చాలనిచో ఎమ్మారై చేయుదురు.

వ్యాధిని సమూలముగా తీసివేయు మందు నేటికిని లేదు. కాని నొప్పిని అణచు మందులు, హార్మోను మందులు, అవసరమైనచో శస్త్రచికిత్స కలవు. లక్షణములను బట్టియే వైద్యము మొదలుపెట్టవచ్చును గనుక స్కాను కొరకు నొప్పిని భరించుచు కూర్చుండ నక్కరలేదు.

తల్లులారా! ఈసారి పిల్ల కడుపు పట్టుకొని పడుకొన్నప్పుడు "మేమంతా పడలేదటే" అనుటకు ముందు, "ఎన్నాళ్ళ నుంచే అమ్మా?" అని ఒక్కమాట అడుగుడు. ఆ ప్రశ్నకు వచ్చు జవాబే వైద్యునికి మొదటి ఆధారము.